ముసలోళ్లయినాక తీసే సినిమాలు

కళాకారులంటే ఈ డాక్యుమెంటరీలు తీసేటోళ్లకు భలే ప్రేమప్పా. ఎప్పుడు? జుట్టు నెరిసి, మోకాళ్లు పట్టుకుపోయి, వేళ్లు చెప్పిన మాట విననప్పుడు. వయసులో ఉండి వాయిస్తున్నన్నాళ్లు ఒక్కడూ తొంగి చూడడు. యాభై ఏండ్లు ఊరకుండి, ఒకరోజు కెమెరా ఎత్తుకొని వచ్చి ‘అమ్మా, అప్పట్లో మీరు ఎంత గొప్పోళ్లో చెప్పండి’ అంటారు. గొప్పోళ్లని తెలిసినప్పుడు అప్పుడే రావచ్చు కదా నాయనా!

బెంగళూరులో పనిచేసే మా మనవరాలు పండక్కి వచ్చి, ‘తాతా, ఇది నీకు నచ్చుతాది, చూడు’ అని ల్యాప్‌టాప్‌లో అట్లాంటిదే ఒకటి పెట్టింది. ‘ఫ్యానీ: ది రైట్ టు రాక్’ అంట దాని పేరు. బాబీ జో హార్ట్ అనే ఆమె తీసింది, 2021లో. అమెరికాలో ఆడపిల్లలే చేరి నడిపిన ఫ్యానీ అనే రాక్ బ్యాండ్ కథ అది. నాకూ రాక్ సంగీతానికీ చుట్టరికం లేదు. కనగానపల్లి చుట్టుపక్కల పల్లెల్లో పద్యనాటకాలకు, భజనలకు హార్మోనియం వాయించినోణ్ని. నాకు తెలిసిన గిటారు సినిమాల్లో హీరో మెడలో తగిలించుకొని వాయించినట్టు నటించేదే. అయినా పిల్ల అడిగింది కదా అని కూర్చున్నా.

కథ మొదలయ్యేది మనీలాలో. తండ్రి అమెరికా నౌకాదళం మనిషి, తల్లి ఫిలిప్పీన్స్ ఆమె. పెద్దపిల్ల జూన్, ఆమె చెల్లెలు జీన్. 1961లో సంసారం కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకు వచ్చింది. రంగు వేరే, ముఖం వేరే. బడిలో పలకరించే దిక్కు లేదు. ఇద్దరూ గిటార్లు పట్టినారు. పాట విని నలుగురు దగ్గరికి వచ్చినారు. బడిలోనే జట్టు కట్టి, వ్యానులో సామాను వేసుకొని ఊరూరూ తిరిగినారు. 1969లో లాస్ ఏంజెలెస్‌లో రీప్రైజ్ అనే పెద్ద రికార్డు కంపెనీ వీళ్లను తీసుకుంది. జూన్ గిటారు, జీన్ బాస్ గిటారు, ఆలిస్ డి బ్యూర్ డ్రమ్స్, నికీ బార్‌క్లే కీబోర్డు. 1970లో రికార్డు వచ్చింది. అంతకు ముందు పెద్ద కంపెనీలతో ఒప్పందం రాసుకున్న ఆడవాళ్ల జట్లు ఉన్నాయి గానీ, పూర్తి ఆల్బం బయటికి తెచ్చింది మాత్రం వీళ్లే మొదలంట. 1971లో ‘చారిటీ బాల్’ అనే పాట అమెరికా పట్టికలో నలభయ్యో స్థానం దాకా పోయింది. 1975లో ఇంకో పాట ఇరవై తొమ్మిదికి చేరేసరికి జట్టే చెదిరిపోయింది. జూన్, ఆలిస్ అంతకు ముందే వెళ్లిపోయినారు. ఆ తర్వాత అందరూ మర్చిపోయినారు. డేవిడ్ బోవీ అనే పెద్ద గాయకుడు 1999లో ఒక పత్రికతో మాట్లాడుతూ, వీళ్లకు దక్కాల్సింది దక్కలేదని అన్నాడంట. అది కూడా జట్టు పోయిన పాతికేళ్లకు.

సినిమాలో నాకు నచ్చింది ఒక్కటే. పాత ప్రదర్శనల తునకలు. జీన్ వేళ్లు చూసినా. బాస్ గిటారు తీగలు లావు. వాటి మీద ఆ పిల్ల వేళ్లు కొట్టినట్టు కాదు, నడిచినట్టు పోతున్నాయి. మళ్లా పాడేది కూడా ఆ పిల్లే. తాళం ఒక దారిలో, పాట ఇంకో దారిలో నడిపించడం ఎంత కష్టమో హార్మోనియం ముందర కూర్చొని పద్యం ఎత్తుకున్నోళ్లకు తెలుస్తుంది. నేను ‘మళ్లా పెట్టు పాపా’ అంటా ఉంటే, ఆ సినిమా తీసినామె అంతలోనే కత్తిరించి, ఇంకెవరో పెద్దమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ‘వాళ్లు అద్భుతం’ అనిపిస్తాది. ఆ తర్వాత ఇంకొకాయన. తర్వాత ఇంకొకామె. అందరూ పేరున్నోళ్లే, నిజమే. అయినా వాయించేటోళ్లు గొప్పోళ్లని వాయింపే చెప్తా ఉంటే మధ్యలో సాక్షులెందుకు? ఇదేమన్నా పెనుకొండ కోర్టా?

ఆ మాటే అంటే మనవరాలు నవ్వింది. ‘తాతా, అప్పట్లో వాళ్లు వాయిస్తుంటే తెర వెనక ఎవరో మగవాళ్లు వాయిస్తున్నారేమో అనుకునేవాళ్లంట. ఆడపిల్లలు కాబట్టి ఫర్వాలేదులే అని రాసేవాళ్లంట. అందుకే సాక్షులు కావాల్సి వచ్చింది’ అంది. అది మాత్రం నాకు సరిగ్గా అర్థమైంది. ఎందుకంటే ఆ జబ్బు అమెరికా వాళ్లదే కాదు.

మా రోజుల్లో ఆడవాళ్లు స్టేజీ ఎక్కేవాళ్లు కాదని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. అదేం కాదు. మా సీమలోనే, కడప జిల్లా సురభి ఊర్లో 1885లో పుట్టిన నాటక సమాజంలో ఇంటి ఆడవాళ్లే ఆడవేషాలు వేసినారు. ఆ సురభి కమలాబాయే 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించింది. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ, వకీలు పని చేసుకుంటూనే, ఆడపాత్రకు ఆడమనిషే ఉండాలని పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి లాంటి వాళ్లను రంగం మీదికి తెచ్చినాడు. ఇంకోపక్క స్థానం నరసింహారావు సత్యభామగా వస్తే చూసిన ఆడవాళ్లే సిగ్గుపడేవాళ్లంట. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. అది ఆయన విద్య. కాదనను.

అయితే ఒక సంగతి గమనించండి. ఆడమనిషి పాడచ్చు, ఆడచ్చు, ఏడవచ్చు. వాయిద్యం మాత్రం మగోళ్ల చేతిలోనే. నేను వాయించిన నాటకాల్లో చింతామణి వేషానికి బయటి ఊరి నుంచి ఆర్టిస్టు వచ్చేది. ఎంత గొప్పగా పాడేదైనా, శ్రుతి ఎంతలో పెట్టాలో హార్మోనిస్టును అడగాల్సిందే. ‘మాస్టరుగారూ, అర్ధ తగ్గించండి’ అని బతిమాలాల్సిందే. తగ్గించేవాడు తగ్గించేవాడు, పొగరు ఉన్నోడు తగ్గించేవాడు కాదు. ఆ రాత్రి ఆమె గొంతు ఏమైతే వాడికేమి? చదివింపులు మైకులో చదివేటప్పుడు కూడా ఆమె పేరుకు ముందు మాస్టరు పేరే వచ్చేది. పెట్టె ఎవరి ముందర ఉంటే పెత్తనం వాళ్లదే.

‘మరి ఆడపిల్లలు వీణ నేర్చుకునేవాళ్లు కదా?’ అంది పాప. నేర్చుకునేవాళ్లు. పెండ్లిచూపుల్లో వాయించేదానికి. పెండ్లయినాక ఆ వీణకు గుడ్డ కప్పి అటకెక్కించేదానికి. ఇంట్లో చాప మీద కూర్చొని వాయిస్తే సంస్కారం. నడివీధిలో నిలబడి డక్కీ కొడితే గగ్గోలు. ‘అవసరాల కన్యాకుమారి గారు?’ అంటూ ఫోన్లో చూపించింది. ఆయమ్మ మహా విద్వాంసురాలు. విజయనగరం మనిషి, వయొలిన్‌తో దేశాలు తిరిగింది, 2015లో పద్మశ్రీ వచ్చింది. చేతులెత్తి మొక్కుతా. కానీ నేను మాట్లాడేది ఒక్కరి గురించి కాదు పాపా, జట్టు గురించి. ఆడవాళ్లే ముగ్గురో నలుగురో చేరి, పాటా వాళ్లదే, వాయిద్యమూ వాళ్లదే, మధ్యలో మాస్టరనేవాడు లేకుండా నడిపించడం. అది వేరే.

అట్లాంటి జట్టు మనకు ఆ అమెరికా పిల్లలు పుట్టకముందే ఉండింది. గిటార్లు కాదు, బుర్రకథ. 1940ల్లో ప్రజానాట్యమండలి రోజుల్లో కృష్ణా జిల్లా వైపున మోటూరి ఉదయం నడిపిన ఆడవాళ్ల బుర్రకథ దళం. ఆమె 1924లో పుట్టింది. అంటే అప్పటికి ఇరవైకి అటూఇటూ వయసు. కథ చెప్పేటోళ్లు తంబూరా భుజాన వేసుకోవాలి, వేళ్లకు అందెలు తొడగాలి, కాళ్లకు గజ్జెలు. రెండు పక్కలా వంతలు, డక్కీలు పట్టుకొని. ఒక వంత హాస్యం చెప్తుంది, ఇంకో వంత రాజకీయం. ముగ్గురూ నిలబడే పాడాలి, పాడుతూనే వాయించాలి, వాయిస్తూనే చిందు వేయాలి. ఆ ఫ్యానీ పిల్లలు నిలబడి వాయించినారని చెప్పుకుంటున్నారే, వీళ్లు ఎగిరి వాయించినారు. ఆ కాలంలో నలుగురిలో గజ్జె కట్టిన ఆడదాన్ని ఏమనేవాళ్లో పెద్దోళ్లకు తెలుసు, నేను రాయను.

పైగా ఆ కథలు పురాణాలు కాదు. కరువు, కౌలు, జమీందారు. బుర్రకథకు జనం ఎగబడుతున్నారని మద్రాసు సర్కారూ నిషేధించింది, నైజాం సర్కారూ నిషేధించింది. పాటను చూసి రెండు సర్కార్లు భయపడినాయంటే ఆ పాట పనిచేస్తున్నట్టే. అదే మండలిలో పాడిన కొండపల్లి కోటేశ్వరమ్మ 1918లో పుట్టి, నిండా బతికి 2018లో పోయింది. ‘నిర్జన వారధి’ అని తన కథ తానే రాసుకుంటే 2012లో పుస్తకమైంది. అప్పటికి తొంభై దాటింది. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అనే సంఘం ఆడవాళ్లు ఊరూరూ పోయి, ఉదయం, కోటేశ్వరమ్మ, మల్లు స్వరాజ్యం లాంటి వాళ్లతో మాట్లాడించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినారు. ఆ పని చేసినోళ్లకు దండం. అయినా నా సణుగుడు నాదే. మాటలు దొరికినాయి గానీ, డక్కీ మోత పుస్తకంలో ఎట్ల వినపడుతుంది? తంబూరా పట్టి ముందుకు దూకిన ఆ అడుగు యాడ చూడాలి? అమెరికా పిల్లలకు కనీసం పాత టీవీ తునకలన్నా మిగిలినాయి.

మా ఊరికి కూడా ఒకసారి ఆడవాళ్ల జట్టు వచ్చింది. (మా ఊరంటే అప్పట్లో అనంతపురం జిల్లా. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అంటున్నారు. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది.) శెనిక్కాయలు కొట్టి ఇంటికి చేరినాక, నాలుగు డబ్బులు చేతిలో ఆడే రోజులు. రెండు ఎద్దుల బండ్లు పక్కపక్కన నిలిపి, మీద పలకలు పరిచి, అదే స్టేజీ. పెట్రోమాక్స్ దీపం చుట్టూ పురుగులు. ముందు వరసలో మగోళ్లు, అరుగుల మీద, చీకట్లో ఆడవాళ్లు. బొబ్బిలి కథ ఎత్తుకున్నారు.

కథకురాలు నడివయసు మనిషి. చీర కొంగు నడుము చుట్టూ గట్టిగా దోపుకొని, తంబూరా తీగ ఒక్కసారి మీటి, శ్రుతి సరిపోలేదని ముఖం చిట్లించి, బిరడా తిప్పి మళ్లా మీటింది. ఆ తిప్పింది చూసే నాకు అర్థమైంది, ఈమెకు మాస్టరు అక్కర్లేదని. తాండ్ర పాపారాయుడు వచ్చే ఘట్టంలో ముందుకు దూకితే బండి పలక కిర్రుమంది, ముందు వరసలో ఇద్దరు వెనక్కి జరిగినారు. వంతలు ఇద్దరూ డక్కీల మీద ఒకే దెబ్బ. ఇద్దరి చేతుల్లో రెండు డక్కీలు, వినపడేది ఒకటే మోత.

ఊరన్నాక నోరు ఊరుకోనోడు ఒకడు ఉంటాడు. మధ్యలో లేచి, ‘మీరు ఇక్కడ ఎగురుతుంటే మీ ఇండ్లల్లో సంగటి ఎవరు కెలుకుతారు?’ అన్నాడు. హాస్యం వంత డక్కీ ఆపలేదు, తాళం తప్పలేదు. ఆ తాళంలోనే, ‘నువ్వు ఖాళీగానే కూర్చున్నావు కదన్నా, పోయి నువ్వు కెలుకు, కథ అయినాక మేమూ వచ్చి తింటాం’ అంది. అరుగుల మీది ఆడవాళ్లు నవ్విన నవ్వు, అబ్బో! ఆ మనిషిని చాన్నాళ్లు ఊర్లో ‘సంగటి ఎవరు కెలికినారు?’ అనే పలకరించినారు. తెల్లవార్లూ కథ నడిచింది. ఒక్కరూ లేచి పోలేదు.

‘వాళ్ల పేర్లేంది తాతా?’ అంది మనవరాలు. పేర్లు ఎవరు అడిగినారు! గోడమీద అతికించిన కాగితంలో ‘మహిళా బుర్రకథ’ అని ఉండింది. కింద ప్రెసిడెంటు పేరు, చందా ఇచ్చినోళ్ల పేర్లు వరసగా, పెద్ద అక్షరాల్లో. మా రోజుల్లో అన్నీ మంచివేనని నేను చెప్పడం లేదు. మంచి పాటకు రాత్రంతా కూర్చునేంత ఓపిక ఉండింది గానీ, పాడినామె పేరు అడిగేంత మర్యాద ఉండలేదు.

ధర్మవరం దగ్గరే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది, మా ప్రాంతమంతా పొంగిపోయినాం. ఆ బొమ్మలాటలో సీత, మండోదరి గొంతులు ఇంటి ఆడవాళ్లవే. పిల్లను ఒడిలో వేసుకొని, తాళం కొడుతూ, తెర వెనక తెల్లవార్లూ పాడతారు. జనం చూసేది బొమ్మను. రాగం తీసిన మనిషిని ఎవరూ చూడరు, ఎందుకంటే తెర ఉంది. కనీసం అక్కడ తెర ఉంది కాబట్టి కనపడలేదు. బండి మీద నిలబడ్డ ఆ ముగ్గురూ ఎదురుగానే ఉన్నారు, అయినా మాకు కనపడలేదు.

సరే, ఇప్పుడు? ఇప్పుడు ఇంగ చెప్పేదేముంది. ఊర్లో జాతర అంటే ట్రాక్టరు ట్రాలీ మీద డీజే పెట్టెలు. ఆ మోతకు ఇండ్ల మీది రేకులు వణుకుతాయి, ముసలోళ్ల గుండెలు కూడా. ఊరేగింపు ముందర ఆడవాళ్లు కోలాటం ఆడతారు. అందరికీ ఒకే రంగు చీర, ఒకే జడ, ఒకే పూలు. ఆడవాళ్లు అట్ల వీధిలోకి వచ్చి ధైర్యంగా ఆడడం నాకు సంతోషమే. మా అమ్మ కాలంలో గడప దాటితే తగువు. అడుగులు కూడా బాగానే నేర్చుకున్నారు. కానీ వాయించేదెవరప్పా? పెన్‌డ్రైవ్! పాడేదెవరు? పెన్‌డ్రైవే! కరెంటు పోయిందంటే ఇరవై మంది కోలాటం కర్రలు చేత పట్టుకొని బస్సు కోసం చూసినట్టు నిలబడతారు. ఆ బుర్రకథ ముగ్గురికీ కరెంటుతో పనేముంది? పెట్రోమాక్స్ ఆరిపోయినా చీకట్లోనే కథ నడిపినారు.

చూసేటోళ్ల చేతుల్లో కూడా కొట్టేదానికి చప్పట్లు లేవు, ఫోన్లున్నాయి. మా రోజుల్లో పాట ఉండింది, తీసే కెమెరా లేదు. ఇప్పుడు ప్రతి చేతిలో కెమెరా, తీసేదానికి పాట లేదు. ఇట్ల అంటే మనవరాలు, ‘రీల్స్‌లో ఎంతమంది అమ్మాయిలు డ్రమ్స్ వాయిస్తున్నారో చూడు’ అని చూపించింది. చూసినా. బాగా వాయించే పిల్లలు ఉన్నారు. ఒప్పుకుంటా. అర నిమిషం. పల్లవి అయ్యేలోపల తర్వాతి పిల్ల వచ్చేస్తుంది. ఒక్కో పిల్ల ఒక్కో గదిలో. జట్టు యాడుంది?

జట్టు కడితే ఏమవుతుందో కూడా మనవరాలే చెప్పింది. కాశ్మీరులో ప్రగాశ్ అని పదో తరగతి పిల్లలు ముగ్గురు రాక్ బ్యాండ్ పెట్టినారంట. 2012 డిసెంబరులో శ్రీనగర్‌లో పోటీలో వాయించినారు. 2013 ఫిబ్రవరికల్లా బెదిరింపులు, పెద్ద ముఫ్తీగారి ఆక్షేపణ, జట్టు మూసేసినారు. రెండు నెలలు! ఫ్యానీ వాళ్లు అయిదారేండ్లన్నా నడిపినారు. మన బుర్రకథ ఆడవాళ్లు సర్కారు నిషేధాల మధ్య నడిపినారు. పదహారేండ్ల పిల్లలు గిటారు పడితే కూలిపోయే ధర్మం ఏ మతంలోదైనా నాకు దాని మీద గౌరవం లేదు. ముసలోణ్ని, ఇంగ ఎవరికి భయపడాలి?

ఫ్యానీ సినిమా చివర్లో మళ్లా ఆ ఆడవాళ్లే వస్తారు. 2018లో డెబ్భై దగ్గర వయసులో జట్టు కట్టి కొత్త రికార్డు చేసినారు. అంతలో జీన్‌కు పక్షవాతం వచ్చింది. ఆ బాస్ తీగల మీద నడిచిన వేళ్లు అవే. అది చూసి నాకు కోపమే వచ్చింది, ఏడుపు కాదు. 1971లో పాట పట్టికలో ఎక్కినప్పుడే ఎవరో ఒకరు కెమెరా పట్టుకొని ఆ నలుగురి వెంట నెలరోజులు తిరిగి ఉంటే, ఈ పెద్దమనుషుల సాక్ష్యాలు ఎవరికి కావాలి? జూన్ మాత్రం ఘటికురాలు. ఆడపిల్లలకు సంగీతం నేర్పే సంస్థ ఒకటి పెట్టి నడిపిస్తున్నది. అంటే చేతికి గిటారు ఇస్తున్నది. మనమేమో చేతికి ఫోను ఇస్తున్నాం.

మొన్న జాతర కమిటీ కుర్రోళ్లు రసీదు పుస్తకం పట్టుకొని వచ్చినారు. ‘పెద్దాయనా, ఈసారి డీజే హిందూపురం నుంచి తెప్పిస్తున్నాం, శానా పెద్దది, మీ పేరు పైన రాస్తాం’ అన్నారు. పైన వద్దు, కింద కూడా వద్దు అన్నా. డక్కీ కొట్టేవాళ్లను, తంబూరా పట్టేవాళ్లను, ఆడవాళ్లు దొరికితే ఆడవాళ్లనే, ఒక్క రాత్రికి పిలిపించండి, డీజే అద్దెలో సగం నేనే ఇస్తా, నా పేరు రాయొద్దు, వచ్చినోళ్ల పేర్లు ముగ్గురివీ కాగితం మీద పెద్దగా రాయండి అన్నా. ‘ఈ కాలంలో ఎవరు కూర్చొని వింటారు పెద్దాయనా?’ అన్నాడు ఒకడు. నేను కూర్చుంటా, ముందు వరసలో కుర్చీ వేయి అన్నా. ‘ఆలోచిస్తాం’ అని పోయినారు. రసీదు మాత్రం కోయలేదు, నేనూ డబ్బులు ఇయ్యలేదు.